ఇకారియా ద్వీపం: విహారానికి వేగమెందుకు?

విదేశయాత్ర ముగించుకొని వచ్చిన మధ్యతరగతి కుటుంబాలను గమనిస్తే ఒక విచిత్రం కనిపిస్తుంది. విశ్రాంతి కొరకని వెళ్ళినవారు తిరిగి వచ్చాక వారం రోజులు విశ్రాంతి తీసుకొనవలసి వస్తున్నది. పది రోజులలో ఆరు దేశాలు, తెల్లవారకముందే బస్సు ప్రయాణం, వేళ తప్పిన భోజనం, మలబద్ధకం, నిద్రలేమి, కాళ్ళ వాపులు. ఇదీ యాత్రాఫలం! ఇంటివద్ద దినచర్యను శ్రద్ధగా పాటించేవారు సైతం ప్రయాణమనగానే దానిని గడప వద్దనే వదలి పోతారు. ఐరోపా చూడగోరేవారు ఆ ఆరు దేశాలను మాని, మధ్యధరా ప్రాంతంలో పేరు మోయని ఒక ద్వీపంలో ఆ పది రోజులూ నిలకడగా గడపటం మేలని నా అభిప్రాయం. గ్రీసుకు చెందిన ఇకారియాను ఇందుకు ఉదాహరణగా తీసుకొంటాను.

శాంటోరినీ పేరు విననివారు అరుదు. ఇకారియా పేరు విన్నవారే అరుదు. ఏజియన్ సముద్రపు తూర్పు భాగాన ఉన్న ఈ ద్వీపం జనాభా పదివేలకు లోపే. మైనంతో అతికించిన రెక్కలతో సూర్యుని సమీపానికి ఎగిరి, మైనం కరిగి సముద్రంలో పడిన ఇకారస్ పేరు మీదుగా దీనికి ఈ పేరు వచ్చిందని గ్రీకు పురాణగాథ. (మన సంపాతి గుర్తుకు రాక మానడు.) ద్వీపం నడుమ వెయ్యి మీటర్లు దాటిన అథెరాస్ పర్వతశ్రేణి ఉన్నది. పూర్వం సముద్రపు దొంగల భయంచేత జనులు తీరాన్ని విడిచి కొండల మరుగున రాతి ఇండ్లు కట్టుకొన్నారు. క్రిస్తోస్ రాహెస్ అనే పల్లెలో నేటికీ కొన్ని దుకాణాలు పొద్దు గూకిన తరువాతనే తెరుస్తారు. గడియారాన్ని నమ్ముకొన్న యాత్రికుడు అక్కడ ఒక్కరోజులో విసిగిపోతాడు. మూడవనాటికి అలవాటు పడతాడు. ఆ మూడవనాటి వరకైనా ఉండాలన్నదే నా వాదం.

దీర్ఘాయుష్కుల నిలయాలుగా పేరుపడిన 'బ్లూ జోన్' ప్రాంతాలలో ఇకారియాను కూడ చేర్చారు. 2009లో ఏథెన్స్ విశ్వవిద్యాలయం వారు ఇక్కడ 1,420 మందిని పరిశీలించారు. ఎనుబది దాటినవారిలో అధికులకు దైనందిన శరీరశ్రమ, మితమైన ఆహారం, ఇరుగుపొరుగుతో స్నేహం, మధ్యాహ్న నిద్ర అలవాటుగా ఉన్నట్లు కనుగొన్నారు. అయితే ఇటువంటి ప్రాంతాలలోని వయస్సు లెక్కలలో తప్పులెన్నో ఉన్నాయని వాదించిన సాల్ జస్టిన్ న్యూమన్‌కు 2024లో ఇగ్ నోబెల్ బహుమతి లభించింది. కనుక నూరేండ్ల రహస్యాన్ని సీసాలో పట్టి తెచ్చుకొందామని అక్కడికి వెళ్ళకండి. సుఖంగా నడచి, ఆకలి వేసినప్పుడు తిని, చీకటి పడ్డాక నలుగురితో మాట్లాడటానికి వెళ్ళండి. ఇవి లెక్కల మీద ఆధారపడిన సుఖాలు కావు.

మధ్యాహ్న నిద్ర మాట వచ్చింది గనుక ఒక సంశయం తీర్చాలి. పగటినిద్ర కఫపిత్తాలను పెంచుతుందని చరకుడు వారించిన మాట నిజమే. కాని గ్రీష్మంలో దానిని ఆయనే అనుమతించాడు. ప్రయాణపు బడలిక గలవారికీ, వృద్ధులకూ కూడ మినహాయింపు ఇచ్చాడు. వేసవిలో ఏజియన్ ఎండకు ఇకారియావాసి తలుపు వేసుకొని కునుకు తీస్తే అందులో శాస్త్రవిరోధం లేదు. అదే అలవాటును ఇంటికి తెచ్చి మార్గశిరంలో కూడ సాగిస్తే దోషం!

శాకాహారులకు అక్కడ ఇబ్బంది లేదు. వంకాయ, బంగాళాదుంప, ఉల్లి మొదలైనవి ఆలివ్ నూనెలో నెమ్మదిగా మగ్గించిన 'సూఫికో', అలసందలు, కొండల మీద ఏరుకొన్న ఆకుకూరలు దొరుకుతాయి. సేజ్, రోజ్‌మేరీ మొదలైన మూలికల కషాయాలు మన ఇంటి కషాయం వంటివే. 'ఫ్లిస్కూని' అనే ఒక జాతి పుదీనా కషాయాన్ని మాత్రం గర్భవతులు తీసుకొనరాదు.

థెర్మా గ్రామంలోని ఉప్పునీటి వేడి బుగ్గలు ప్రాచీనకాలం నుండి ప్రసిద్ధాలు. కీళ్ళనొప్పులవారు వీటిలో స్నానానికి వస్తారు. ఈ నీటిలో రాడాన్ అనే రేడియోధార్మిక వాయువున్నది. అది మేలు చేస్తుందని స్థానికుల విశ్వాసం. నొప్పులకు ఉపశమనమిచ్చేది ప్రధానంగా వేడియేనని నేననుకొంటాను. గర్భవతులు దూరంగా ఉండాలి. హృద్రోగులూ, రక్తపోటు గలవారూ వైద్యుని సలహా లేనిదే దిగరాదు. వేడినీటిని తలపై పోసుకొనరాదన్న వాగ్భటుని హెచ్చరిక అక్కడ కూడ వర్తిస్తుంది.

వృద్ధులను తీసుకువెళ్ళవచ్చునా? మోకాళ్ళు సహకరించకపోతే కొండదారులు కష్టమే. వారికి థెర్మా లేదా రేవుపట్టణమైన అయియోస్ కిరికోస్‌లో బస మేలు. అయియోస్ కిరికోస్‌లో ఆస్పత్రి కూడ ఉన్నది. మే, జూన్ లేక సెప్టెంబరు మాసాలు అనుకూలం. జూలై, ఆగస్టులలో 'మెల్తేమి' అనే ఉత్తరపుగాలి ఉధృతంగా వీస్తుంది. ఏథెన్స్ వద్ద పిరేయస్ రేవు నుండి ఓడ ప్రయాణానికి సుమారు ఏడెనిమిది గంటలు పడుతుంది. గాలి హెచ్చితే ఓడలు నిలిచిపోతాయి. కనుక స్వదేశానికి విమానమెక్కే తేదీకి రెండు రోజుల ముందే ఏథెన్స్ చేరేటట్లు టిక్కెట్లు కొనుక్కోండి.