కుక్కకు రాత్రి తొమ్మిది దాకా, గేదెకు మధ్యాహ్నం దాకా

పట్నంలో మా బంధువుల కుక్కకు జబ్బు చేస్తే వాళ్లతో పాటు నేనూ ఆసుపత్రికి వెళ్లాను. ఏసీ గది, రక్తపరీక్ష, స్కానింగు, సెలైను అన్నీ ఉన్నాయి. రాత్రి తొమ్మిది దాకా డాక్టరు ఉంటారట. టీకా తేదీ దగ్గరపడితే ఫోనుకు మెసేజీ కూడా వస్తుందట. కుక్క మీద నాకు ఈర్ష్య లేదు, దానిదీ ప్రాణమే. మలక్‌పేటలో పందెం గుర్రాలకు రేసు క్లబ్బు డాక్టర్లున్నారు, ఉండాలి కూడా. నా బాధల్లా మా మండల పశువుల ఆసుపత్రికి మధ్యాహ్నానికల్లా తాళం పడుతుండటం గురించే. లక్ష రూపాయల గేదె ఏ రాత్రి ఈనుతుందో ఆ తాళానికి తెలియదు కదా!

చదువుకున్న పశువైద్యుడు దగ్గరుంటే ఏం జరుగుతుందో మా ఊళ్లోనే చూశాం. ఒక గేదె మేత తగ్గించింది, నెమరు మానేసింది, పాలు ఎగ్గొట్టింది. దిష్టి అన్నారు, వాతం అన్నారు, కషాయాలు పోశారు. కొత్తగా వచ్చిన కుర్ర డాక్టరు వచ్చి, దాన్ని చెరువు కట్ట మీద నుంచి కిందికి నడిపించమన్నాడు. చూస్తున్నవాళ్లు నవ్వారు. గేదె పల్లానికి దిగనంటే దిగనంది. మూపు మీద గట్టిగా నొక్కితే నడుము వంచకుండా మూలిగింది. లోపల తీగముక్కో మేకో గుచ్చుకుంటోందని చెప్పి, వేలెడంత అయస్కాంతం మింగించాడు. ఇనుము గుండె దాకా పోకముందే పట్టుకుంటే బతుకుతుందన్నాడు. ఆ గేదె బతికింది, మళ్లీ ఈనింది కూడా. స్లాబు పనులు జరిగిన చోట తీగముక్కలు ఏరిపారేయమని ఆయన చెప్పిన మాట మాత్రం ఎంతమంది పాటిస్తున్నారో నాకు అనుమానమే.

పాలజ్వరం ఇంకో వింత. పేరులో జ్వరం ఉన్నా ఒళ్లు చల్లబడుతుంది. బాగా పాలిచ్చే పశువు ఈనిన రెండు మూడు రోజుల్లో కూలబడి, మెడ డొక్క మీదికి తిప్పి పడుకుంటుంది. పోయిందనే అనుకుంటాం. నరానికి కాల్షియం ఎక్కిస్తే సీసా అయ్యేలోపే త్రేన్చి, పేడ వేసి, చాలాసార్లు అక్కడికక్కడే లేచి నిలబడుతుంది. అయితే అదే కాల్షియం గబగబా ఎక్కిస్తే గుండె ఆగి చస్తుంది. అందుకే గుండె చప్పుడు వింటూ నెమ్మదిగా ఎక్కించాలి. మందు ఖరీదు పెద్దది కాదు, ఎక్కించే చెయ్యి ముఖ్యం.

ఆ చెయ్యి రాత్రి రెండు గంటలకు దొరకదు. దొరికేది సంచి భుజాన వేసుకుని బండి మీద వచ్చే అతను. ఏ జబ్బుకైనా ఒక యాంటీబయోటిక్, ఒక నొప్పి సూది, ఒక స్టెరాయిడు వేస్తాడు. నెలలు నిండుతున్న చూడి పశువుకు ఆ స్టెరాయిడు పడితే ఈడ్చుకుపోతుంది. రాబందులను చంపుతోందని 2006లో పశువులకు నిషేధించిన డైక్లోఫెనాక్ ఆ సంచిలో ఉండదని ఎవరు హామీ ఇస్తారు? అడగాల్సింది మెలాక్సికామ్. రైతు ఏది అడగాలో చెప్పేవాడేడీ? 1984 పశువైద్య మండలి చట్టం ప్రకారం రిజిస్టరైన డాక్టరే వైద్యం చేయాలి. డిప్లొమా చదివిన సహాయకులు ఆయన పర్యవేక్షణలో చిన్నచిన్న వైద్యాలు చేయొచ్చు. చట్టం మంచిదే. కానీ డాక్టరును పంపకుండా సంచి అతన్ని మాత్రం పట్టుకుపోతే మా గేదెకు ఒరిగేదేమిటి? అతన్ని తిట్టేవాళ్లు ఒక్క రాత్రి పశువుల పాకలో కూర్చుని చూడాలి.

5,000 పశువులకు ఒక డాక్టరుండాలని జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లోనే చెప్పింది. ఎన్ని మండలాల్లో అలా ఉంది? 1962 నంబరు సంచార వాహనాలు తెలంగాణలో 2017లో, ఆంధ్రలో 2022లో వచ్చాయి. వచ్చిన చోట మేలు చేశాయి, కాదనను. కానీ నియోజకవర్గమంతటికీ ఒకటో రెండో బండ్లు తిరిగితే, పొద్దున ఫోన్ చేసిన రైతు దగ్గరికి సాయంత్రానికి చేరతాయి. కడుపుబ్బరం అంతసేపు ఆగదు. ఇక రైతు సేవా కేంద్రంలోని పశుసంవర్ధక సహాయకుణ్ణి సర్వేలకూ ఫొటోల అప్‌లోడుకూ తిప్పుతుంటే అతను సూది ఎప్పుడు పట్టుకుంటాడు?

పక్కపక్క రెండు మూడు మండలాలకు కలిపి ఒక డాక్టరు వంతులవారీగా రాత్రి డ్యూటీలో ఉండాలి. ఖాళీ పోస్టులు నింపాలి. సహాయకుల మీద వేరే పనులు తీసేయాలి. కాల్షియం సీసాలు కేంద్రంలో ఎప్పుడూ నిల్వ ఉండాలి. ఇది జిల్లా అధికారికి ఇచ్చే వినతిపత్రంలో పెట్టాలని నా ప్రతిపాదన. ఉత్త మాటలు వాళ్లు వినరు కాబట్టి సభ్యులు ఒక పని చేయాలి. పశువుకు జబ్బు చేసినప్పుడు ఎన్ని గంటలకు ఫోన్ చేశారు, ఎన్ని గంటలకు ఎవరొచ్చారు, ఏ సూది వేశారు, ఎంత తీసుకున్నారు, పశువు ఏమైంది, ఈ అయిదూ ఒక కాగితం మీద రాసి, సూది సీసా పారేయకుండా వచ్చే నెల గ్రామ కమిటీ సమావేశానికి తీసుకురండి.