సైకిలు పందెమున మన లక్ష్యమేది?

పాఠశాలల ఆటలదినమున స్లో సైకిలు పందెమును చూడని విద్యార్థి మన ప్రాంతమున అరుదు. ఆ పందెమున అందఱికంటె వెనుక వచ్చినవాడే గెలిచినవాడు. నడుమ నేలపై కాలు మోపినవాడు ఓడినవాడు. చూచువారికి నవ్వు పుట్టించు ఈ వినోదమున ఒక సత్యము దాగియున్నది. పందెమనగా ఒరులకంటె ముందు పోవుట మాత్రమే కాదు. ఒక నియమమును ముందుగా ఏర్పఱచుకొని, దానికి లోబడి తన దేహమును, వాహనమును, మనస్సును వశమున నుంచుకొనుట. ఈ భావమును వేగపు పందెములకు గూడ అన్వయించి, సైకిలు క్లబ్బులలో చేరదలచిన మన బాలబాలికలు ఎట్టి లక్ష్యమును పెట్టుకొనవలయునో విచారించుటయే ఈ వ్యాసముయొక్క ఉద్దేశము.

క్లబ్బు పందెమున ముప్పదిమంది బయలుదేరిరనుకొందము. ప్రథముడు ఒక్కడే. తక్కిన ఇరువదితొమ్మండ్రును వ్యర్థముగా శ్రమపడినవారేనా? "నేను మొదటివాడను కావలయును" అని మాత్రమే సంకల్పించినవాడు తన లక్ష్యమును ఇతరుల చేతిలో పెట్టినవాడగును. బలవంతుడొకడు వచ్చిన దినమున ఓడును. అతడు రాని దినమున గెలుచును. ఈ రెంటిలో దేనివలనను తాను నిన్నటికంటె మెఱుగుపడెనో లేదో తెలియదు. మఱియు గుంపుగా పోవునపుడు ముందువాని వెనుక నక్కిన వానికి గాలి తాకుడు తగ్గి, శ్రమలో నాలుగవ వంతో అంతకు మించియో కలిసివచ్చును. ఇది పందెపు యుక్తులలో ఒకటి, తప్పు గాదు. కాని అట్లు లభించిన స్థానమునుబట్టి తన శక్తిని కొలుచుకొనుట పొరపాటు.

ఈ మాటను చిక్కడపల్లి, నారాయణగూడ, అశోక్‌నగర్ వాసులకు విస్తరించి చెప్పనక్కఱలేదు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయమునందును, అశోక్‌నగర్ సందులలోని పఠనశాలలయందును ఉద్యోగపరీక్షలకై చదువుకొను యువకులను మనము నిత్యము చూచుచున్నాము. 2024 సంవత్సరమున జరిగిన గ్రూప్ వన్ పరీక్షలో 563 ఉద్యోగములకు నాలుగు లక్షలకు మించిన అభ్యర్థులు దరఖాస్తు పెట్టుకొనిరి. ర్యాంకునే లక్ష్యముగా పెట్టుకొనినవాడు ఇన్ని లక్షలమంది భారమును తన తలపై మోయుచుండును. "ఈ వారమున ఈ పాఠమును సంపూర్ణముగా గ్రహింతును" అని పెట్టుకొనినవానికి ఆ పని తన చేతిలోనిదే. ఉద్యోగము దొరకవచ్చును, దొరకకపోవచ్చును. గ్రహించిన పాఠము ఎక్కడికిని పోదు. తలిదండ్రులు ఈ భేదమును గమనింపవలయునని నా మనవి. ఏలన, పిల్లవాడు ఇంటికి వచ్చిన వెంటనే "ఎన్నవవాడవు?" అని అడుగుట మనకు అలవాటు, "మొన్నటికంటె ఎంత మేలు?" అని అడుగువారు కొందఱే.

సైకిలు క్లబ్బుల చరిత్రలో ఈ రెండవ ప్రశ్నకు పూర్వమే ఒక సమాధానము దొరకినది. ఇంగ్లండులో పందొమ్మిదవ శతాబ్దాంతమున బాటలపై గుంపు పందెములకు ప్రజలును, పోలీసులును అభ్యంతరము చెప్పుచుండగా, 1895లో బిడ్లేకు అను క్లబ్బు ప్రముఖుడు ఒక క్రొత్త పద్ధతిని నడపెను. పందెగాండ్రను ఒకరి వెనుక నొకరిని, నడుమ కొంత వ్యవధి యుంచి పంపి, ఎవరికి వారికే కాలమును గుఱుతు వేయుట ఆ పద్ధతి. దీనినే టైం ట్రయల్ అందురు. అల్లరి తగ్గింపవలెనని పుట్టిన ఈ ఉపాయము మఱియొక గొప్ప మేలు చేసినది. కడపటివాడు గూడ తన గడియారమును చూచుకొని సంతోషించుటకో, చింతించుటకో అవకాశము కలిగినది.

ఈ పద్ధతిలో పెరిగినవారిలో యార్క్‌షైరు ప్రాంతపు బెరిల్ బర్టన్ (1937–1996) అను వనిత స్మరణీయురాలు. బాల్యమున కీళ్లవాతజ్వరముచే నెలల తరబడి వైద్యశాలలో పడియున్న ఈమె, పిమ్మట గృహిణియై, తోటపనులలో కాయకష్టము చేయుచు, కడవఱకు ధనాపేక్ష లేని క్లబ్బు పందెగత్తెగనే యుండెను. 25, 50, 100 మైళ్ల పందెముల సగటు వేగములను లెక్కించి యొసగు బ్రిటిషు మహిళా ప్రథమస్థానమును 1959 మొదలు 1983 వఱకు వరుసగా 25 సంవత్సరములు నిలుపుకొనెను. 1967లో 12 గంటల పందెమున 277.25 మైళ్లు, అనగా 446 కిలోమీటర్లకు పైగా త్రొక్కెను. ఆనాడు పురుషులలో ప్రథముడు పోయిన దూరము 276.52 మైళ్లు. దారిలో అతనిని దాటుచు ఆమె ఒక మిఠాయిబిళ్ల అందించెనని ప్రసిద్ధి. పురుషుడొకడు ఆ దూరమును మించుటకు రెండు సంవత్సరములు పట్టినది. స్త్రీలలో ఆ రికార్డు 2017 వఱకు నిలిచినది. ఏటేట సగటు వేగమును చక్కదిద్దుకొను ఓర్పే ఇంతటి ఘనతకు ఆధారము. బాలికలకు సైకిలు పందెమెందుకని ప్రశ్నించు పెద్దలు ఈ చరిత్రను ఒకమారు తలపోయుదురుగాక.

మన నగరమున సయితము పోటీ లేని సాధనకు దారి యున్నది. హైదరాబాదు రాండనీర్స్ క్లబ్బువారు నడపు దూరయాత్రలయందు 200 కిలోమీటర్లకు 13 గంటల 30 నిమిషములు, 300కు 20 గంటలు, 400కు 27 గంటలు, 600కు 40 గంటలు గడువు. గడువులో చేరినవారందఱును కృతార్థులే. ప్రథమ ద్వితీయ స్థానములు లేవు. నాలుగింటిని ఒక్క ఋతువున ముగించినవారికి సూపర్ రాండనీర్ అను పేరు దక్కును. ఇవి పెద్దల పనులు. విద్యార్థులు వీని నియమమును మాత్రము గ్రహించిన చాలును.

ఇక లక్ష్యమును ఎట్లు ఏర్పఱచుకొనవలయును? మనవారికి ఆరంభశూరత్వమను అపకీర్తి యొకటి కలదు. దానికి మూలము తఱచుగా సోమరితనము గాదు, లెక్క తప్పుట. ఒక విద్యార్థి 10 కిలోమీటర్లను 30 నిమిషములలో పోగలడనుకొందము. అనగా గంటకు 20 కిలోమీటర్లు. వచ్చు నెలకు 25 నిమిషములలో పోవుదునని ప్రతిజ్ఞ పట్టెను. అప్పుడు వేగము గంటకు 24 కిలోమీటర్లు కావలయును. గాలిని చీల్చుటకు వలయు శక్తి వేగముయొక్క ఘనమును బట్టి పెరుగును. 1.2ను మూడుమార్లు హెచ్చించిన 1.728 వచ్చును, కావున గాలికై వెచ్చించు శక్తి నూటికి 73 పాళ్లు పెరుగవలయును. ఏ కాళ్లకును ఒక్క నెలలో అంత బలము రాదు. 29 నిమిషములే లక్ష్యమైనచో పెరుగవలసినది సుమారు 11 పాళ్లు. అది సాధ్యము. ఐదు నిమిషముల ప్రతిజ్ఞ పట్టినవాడు మూడవ వారమున సైకిలును గోడకు చేరవేయును. ఒక్క నిమిషము కోరినవాడు ఏడాది తిరుగునప్పటికి ఎంతో దూరము పోయియుండును.

కావున ఏడాదికి ఒక లక్ష్యము, నెలకొకటి, దినమునకొకటి యుండవలయును. ఏడాదిది తెలిసిన దూరమున తెలిసిన కాలము. నెలది సాధన చేసిన దినముల సంఖ్య. దినముది మిక్కిలి చిన్నది: మొదటి సగమును తొందరపడక, రెండవ సగముతో సమానముగా త్రొక్కుట, మలుపున తూలకుండుట, బయలుదేరకముందు టైర్లలో గాలిని, బ్రేకులను చూచుకొనుట. వీనిని పుస్తకమున వ్రాసికొని, జరిగినది జరిగినట్లు గుఱుతు వేయవలయును. జ్వరము వచ్చినను, పరీక్షలు సమీపించినను లక్ష్యమును మార్చుకొనుట ఓటమి గాదు. విశ్రాంతిదినము గూడ సాధనలో భాగమే.

ఇచ్చట ఒక ఆక్షేపణ కలదు. తనతో తానే పోటీపడువాడు తన్ను తానే మోసగించుకొనవచ్చును గదా? గాలి అనుకూలించిన దినమును, పల్లపు బాటను ఎన్నుకొని, "నేను మెఱుగుపడితిని" అని పొంగిపోవచ్చును. ఇది నిజమే. అందుకొఱకే క్లబ్బు కావలసియున్నది. ఒకే బాట, ఒకే గంట, గడియారము పట్టు పెద్దమనిషి, చూచుచున్న స్నేహితులు — ఇవి లేనిచో స్వీయలక్ష్యము పగటికలగా మాఱును. తోడివారు మనకు శత్రువులు గారు, సాక్షులు.

"పరుగెత్తి పాలు త్రాగుటకంటె నిలబడి నీళ్లు త్రాగుట మేలు" అని తలిదండ్రులు భయపడుటకును కారణము లేకపోలేదు. ఆర్టీసీ చౌరస్తాలోను, నారాయణగూడ కూడలిలోను బస్సుల నడుమ బాలురు ఒకరినొకరు తరుముకొనుట నాకును సమ్మతము గాదు. ఇట్టి తరుములాట ముందువానిని పట్టుకొనవలెనను ఆత్రముచే పుట్టినదే. గడియారమే ప్రత్యర్థి యైనచో కూడలిలో ఎవరినీ దాటనక్కఱలేదు. వేగసాధనకు తగిన తావులు వేఱుగా నున్నవి. 2002లో జాతీయ క్రీడలు మన నగరమున జరిగినపుడు వినియోగపడిన సైకిలు వలయపథము ఉస్మానియా విశ్వవిద్యాలయ ప్రాంగణమున, మన పేటలకు సమీపముననే యున్నది. బాహ్యవలయ రహదారి ప్రక్కన 2023 అక్టోబరులో ప్రారంభమైన 23 కిలోమీటర్ల సైకిలు బాట దూరమైనను, సెలవుదినమున పెద్దల వెంట పోదగినది. సౌరఫలకముల కప్పు నీడనిచ్చును. తలకు హెల్మెట్ లేక ఎక్కడను సైకిలు ఎక్కరాదు.

తుదకు ఉపాధ్యాయులకు ఒక విన్నపము. వచ్చు ఆటలదినమున వేగపు సైకిలు పందెమునకు ప్రథమ, ద్వితీయ బహుమానములతోపాటు మఱియొక బహుమానమును ఏర్పాటు చేయుదురుగాక. ఏడాది మొదట అందఱి కాలమును ఒకే దూరమున గుఱుతు వేసి, ఏడాది తుదను మఱల చూచి, తన పూర్వకాలమునుండి ఎక్కువ పాలు తగ్గించినవారికి దానిని ఇయ్యవలయును. ఖరీదైన గేర్ల సైకిలు గల బాలునికిని, అన్న వాడివదలిన పాత సైకిలు త్రొక్కు బాలునికిని అప్పుడు సమానమైన ఆశ కలుగును. పిల్లలు తమ లెక్కల పుస్తకములలో ఒక పుటను ఇందులకై కేటాయించి, రేపటి ఉదయముననే మొదటి అంకెను వ్రాసికొందురుగాక.