పల్లె ఇప్పసారా, పట్నం సరదా

ఖరగ్‌పూర్ నుంచి టాటానగర్ వైపు రైలెక్కితే సుమారు నలభై కిలోమీటర్లలో ఝార్‌గ్రామ్ వస్తుంది. సాలవనాలు, ఎర్రమట్టి బాటలు, చిల్కిగఢ్ కనకదుర్గ ఆలయం, రాజుల నాటి భవనం, వాటిని దాటితే బెల్‌పహాడి కొండల అంచున సంతాల్ పల్లెలు. బెంగాల్ నాగ్‌పూర్ రైల్వే కాలంలో ఉత్తరాంధ్ర నుంచి కొలువులకు తరలివెళ్లి ఖరగ్‌పూర్‌లోనే స్థిరపడిన తెలుగు కుటుంబాలకు వారాంతపు సెలవు గడపడానికి ఇంతకన్నా దగ్గరి అడవి లేదు.

ఒకప్పుడు ఆ దారి పేరెత్తితేనే భయపడేవారు. 2008లో లాల్‌గఢ్ ఆందోళన రాజుకుంది. 2010 మే 28న ఖేమాసులి, సర్దిహా స్టేషన్ల మధ్య జ్ఞానేశ్వరి ఎక్స్‌ప్రెస్ పట్టాలు తప్పి, గూడ్సు బండి ఢీకొని 140 మందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. 2011 తరువాత పరిస్థితి కుదుటపడింది. 2017 ఏప్రిల్‌లో ఝార్‌గ్రామ్ ప్రత్యేక జిల్లా అయింది. పర్యాటకులు మళ్లీ వస్తున్నారు. సంతోషించవలసిన పరిణామమే. అయితే పట్నవాసిని ఆకర్షించే వాటిలో అడవితోపాటు ఇప్పసారా, హండియా కూడా ఉన్నాయన్నది దాచిపెట్టవలసిన విషయం కాదు.

ఇప్పపువ్వు మన ఏజెన్సీ ప్రాంతాలకూ కొత్త కాదు. వేసవి తొలినాళ్లలో తెల్లవారుజామున రాలిన పూలను స్త్రీలు, పిల్లలు బుట్టలకెత్తి ఎండబెడతారు. తిండికి కొంత, అమ్మకానికి కొంత, సారా బట్టీకి కొంత. హండియా వేరు. అది వండిన అన్నంలో మూలికలు, బియ్యపుపిండితో చేసిన మాత్రలు కలిపి పులియబెట్టే పానీయం, బట్టీ పెట్టి తీసే సారా కాదు. సంతాల్‌లు దానిని దేవతలకు నివేదిస్తారు. వసంతంలో బాహా పండుగనాడు సాల, ఇప్ప పూలను అర్పించిన పిమ్మటే కొత్త పూలను వాడుకునే ఆచారమూ వారిలో ఉంది. ఇంతటి పద్ధతి ఉన్న పానీయాన్ని సెలవురోజు కాలక్షేపపు సరుకుగా మార్చడమెలా అన్నది ఆలోచించవలసిన విషయం.

నాసిక్ ద్రాక్షతోటల సంగతి చూడండి. మహారాష్ట్ర ప్రభుత్వం 2001లో ద్రాక్ష శుద్ధి పరిశ్రమకు ప్రత్యేక విధానం ప్రకటించి, పన్ను రాయితీలిచ్చింది. ఇప్పుడు ముంబాయి, పుణె వాసులు శనివారం కార్లలో వెళ్లి, తోటల నడుమ విడిది చేసి, వైన్ రుచి చూసి వస్తారు. అది గ్రామీణ పర్యాటకం. ఝార్‌గ్రామ్‌లో సంతాల్ స్త్రీ గిన్నెడు సారా అమ్మితే మాత్రం 1909 నాటి బెంగాల్ ఆబ్కారీ చట్టం కింద నేరం! దాడి జరిగితే పగిలేది ఆమె కుండలే. తాగి మెచ్చుకున్న అతిథి అప్పటికి ఖరగ్‌పూర్ బండి ఎక్కి ఉంటాడు.

అలాగని తలుపులు బార్లా తెరవమనడం అవివేకమవుతుంది. సారా పల్లెను ఏం చేస్తుందో తెలుగువారికి ఒకరు చెప్పనక్కరలేదు. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట స్త్రీలు సారాపై తిరగబడ్డారు. ఆ ఉద్యమం ఊరూరా పాకి 1993 అక్టోబరులో రాష్ట్రమంతటా సారా నిషేధానికి దారితీసింది. బెంగాల్‌లోనే 2011 డిసెంబరులో దక్షిణ 24 పరగణాల జిల్లా సంగ్రామ్‌పూర్ ప్రాంతంలో విషపు సారా 170 మందికి పైగా పొట్టనబెట్టుకుంది. గిరాకీ పెరిగి, దళారి ప్రవేశించి, కల్తీ మొదలయితే ఇప్పసారాకు కూడా అదే గతి పట్టదన్న హామీ ఏదీ లేదు. పైగా బయటివారి డబ్బు కోసం కాచిన సారా పొద్దుగూకితే ఇంటి మగవాడి చేతికీ అందుతుంది.

కాబట్టి అమ్మాలా, వద్దా, ఎంతవరకు అనేది ఆ పల్లె తేల్చుకోవాలి. ముఖ్యంగా ఆ పల్లె స్త్రీలు తేల్చుకోవాలి. చిక్కంతా ఇక్కడే ఉంది. 1996 నాటి పెసా చట్టం మత్తు పానీయాలను నిషేధించే, నియంత్రించే అధికారాన్ని గ్రామసభలకు, పంచాయతీలకు కల్పించవలసిందిగా రాష్ట్రాలను ఆదేశించింది. కాని ఆ చట్టం ఐదో షెడ్యూలు ప్రాంతాలకే వర్తిస్తుంది. పశ్చిమ బెంగాల్‌లో అటువంటి ప్రాంతం ఒక్కటీ లేదు. సరిహద్దుకు ఆవల జార్ఖండ్‌లోని తూర్పు సింగ్‌భూమ్, ఒడిశాలోని మయూర్‌భంజ్ జిల్లాల సంతాల్‌లకు చట్టం చూపిన రక్షణ, అదే భాష మాట్లాడి అవే పండుగలు చేసుకునే ఝార్‌గ్రామ్ సంతాల్‌లకు లేదు. అడవికి లేని గీతను కాగితం గీసింది.

మార్గాలు లేకపోలేదు. మధ్యప్రదేశ్ ప్రభుత్వం 2021లో ఇప్పసారాను వారసత్వ మద్యంగా ప్రకటించి, ఆపై అలీరాజ్‌పూర్, దిండోరి జిల్లాల ఆదివాసీ స్వయం సహాయక బృందాలకు తయారీ అప్పగించింది. మన ఆదిలాబాద్ జిల్లా ఉట్నూరులో ఆదివాసీ మహిళలు ఇప్పపువ్వుతో లడ్డూలు చేసి అమ్ముతున్నారు. పువ్వుకు సారా ఒక్కటే గమ్యం కాదని వారు నిరూపించారు. వారాంతపు అతిథి చేతిలో సీసాకు బదులు మిఠాయి పొట్లం పెట్టినా పల్లెకు రాబడి తగ్గకపోవచ్చు.

మద్యం రాష్ట్ర జాబితాలోని అంశం. ఐదో షెడ్యూలు కోసం ఢిల్లీ వైపు చూడకుండానే, ఝార్‌గ్రామ్ వంటి జిల్లాలలోని గ్రామసభలకు సారాపై అనుమతి, నిరాకరణ రెండింటి అధికారమూ ఇస్తూ కోల్‌కతా శాసనసభే చట్టం చేయవచ్చు.