నెత్తురు వస్తోందని తోమడం మానకండి

పళ్ళు తోముకుంటుంటే చిగుళ్ళలో నెత్తురు కనబడగానే మన ఇళ్ళలో చాలామంది చేసే మొదటి పని ఆ వైపు తోమడం మానెయ్యడం. పుల్ల గట్టిదనో, ఒంట్లో వేడి చేసిందనో సరిపెట్టుకుంటారు. రోలుగుంట చుట్టుపక్కల పల్లెల నుంచి పంటి డాక్టరు కోసం చోడవరమో, నర్సీపట్నమో బస్సెక్కితే ఆ రోజు కూలి పోయినట్టే. అందుకే పన్ను కదిలేదాకా ఆగుతారు. అప్పటికి పీకించుకోవడం తప్ప దారి మిగలదు.

ఆ నెత్తురు చాలావరకు తోమడం ఎక్కువై వచ్చేది కాదు, తక్కువై వచ్చేది. పంటికీ చిగురుకూ మధ్య చేరే పాచిలోని సూక్ష్మజీవుల వల్ల చిగురు వాస్తుంది. నార్వేకు చెందిన దంతవైద్యుడు హరాల్డ్ లో, ఆయన సహచరులు డెన్మార్క్‌లో జరిపిన ఒక పరీక్ష ఫలితాలు 1965లో వెలువడ్డాయి. ఆరోగ్యంగా ఉన్న 12 మంది చేత పళ్ళు శుభ్రం చేసుకోవడం మాన్పించగా 10 నుంచి 21 రోజుల్లో అందరికీ చిగుళ్ళు వాచాయి. మళ్ళీ తోమడం మొదలుపెట్టాక వారం రోజుల్లో దాదాపుగా బాగుపడ్డాయి. అక్కడ పనిచేసిన మందు తోమడమే.

అశ్రద్ధ చేస్తే వాపు లోపలికి దిగి పంటిని పట్టి ఉంచే ఎముకను కరిగిస్తుంది. అది దానంతటది తిరిగి పెరగదు. ప్రపంచంలో 100 కోట్ల మందికి పైగా ముదిరిన చిగుళ్ళ వ్యాధితో ఉన్నారని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో అంచనా వేసింది. పళ్ళు ఊడటం వయసు లక్షణమని మనం అనుకునేదాంట్లో ఎక్కువ భాగం ఈ వ్యాధే.

రోజుకు అయిదుసార్లు వుజూ చేస్తున్నాం కదా, నోరు శుభ్రంగానే ఉంటుంది కదా అని కొందరు అంటారు. పుక్కిలిస్తే మెతుకులు పోతాయి గాని పాచి పోదు. అది జిగురులా అంటుకుని ఉంటుంది, రుద్దితేనే వదులుతుంది. తన సమాజానికి కష్టమవుతుందన్న ఆలోచనే లేకపోతే ప్రతి నమాజుకూ మిస్వాక్ చేయమని ఆజ్ఞాపించి ఉండేవారని దైవప్రవక్త (స) గురించి హదీసు గ్రంథాలు తెలుపుతున్నాయి. మనమేమో మిస్వాక్‌ను జేబులో అలంకారం చేసుకున్నాం! పీలూ పుల్లయినా, వేపపుల్లయినా కొన మెత్తని కుంచెలా నమిలి, చిగురు అంచు వెంబడి నెమ్మదిగా తిప్పాలి. బ్రష్షయితే మెత్తని పోగులది కావాలి. బొగ్గు, ఇటుక పొడి, గరుకు ఉప్పు పంటిని అరగదీస్తాయి.

పొగాకు సంగతి వేరుగా చెప్పాలి. చుట్ట నిప్పువైపు నోట్లో పెట్టుకుని కాల్చే అడ్డపొగ అలవాటు ఉత్తరాంధ్ర ఆడవాళ్ళలో ఉన్నదే. దానివల్ల అంగిట్లో వచ్చే మచ్చలు, పుండ్ల గురించి శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది పల్లెవాసులను పరీక్షించి 1971లో ఒక అధ్యయనం ప్రచురించారు. చిగుళ్ళకు పొగ చేసే ద్రోహం మరొకటి ఉంది. పొగతాగేవారి చిగుళ్ళలో నెత్తురు తక్కువగా కనబడుతుంది. అంటే ఎముక కరుగుతున్నా హెచ్చరిక అందదు. పొగాకు కలిపిన పళ్ళపొడులను ప్రభుత్వం 1992లోనే నిషేధించింది. మరి పాన్‌దాన్‌లో జర్దా డబ్బీకి చోటెందుకు?

గార తీయిస్తే పళ్ళు కదులుతాయని ఇంకో భయం. పాచి గట్టిపడి గారైపోతే బ్రష్షుకు లొంగదు, డాక్టరే తీయాలి. తీశాక కదిలినట్టనిపిస్తే, ఎముక అంతకు ముందే కరిగిపోయి ఉందన్నమాట. ఇన్నాళ్ళూ గార ఆ లోటును కప్పి ఉంచింది. షుగరు వ్యాధి ఉన్నవారు అసలే ఆలస్యం చేయకూడదు. షుగరు చిగుళ్ళను పాడుచేస్తుంది, పాడైన చిగుళ్ళు షుగరును అదుపు తప్పిస్తాయి.

రమజాన్‌లో పగలు పేస్టు వాడటానికి చాలామంది జంకుతారు. గొంతులోకి పోతుందన్న ఆ జంకు సబబే. అలాగని నెలంతా మానెయ్యక్కర్లేదు. సహరీ ముగించి ఫజ్ర్ అజాన్‌కు ముందు ఒకసారి, తరావీహ్ తర్వాత పడుకోబోయే ముందు ఒకసారి రెండేసి నిమిషాలు తోముకుంటే చాలు. ఉపవాసంలో మిస్వాక్‌కు అనుమతి ఉంది. మధ్యాహ్నం తర్వాత వాడవచ్చునా అన్న విషయంలో మాత్రం ధర్మవేత్తలలో అభిప్రాయభేదం ఉంది. అనుమానం ఉన్నవారు మీ మసీదు ఇమాము గారిని అడగండి. రెండు వారాలు శ్రద్ధగా తోమినా నెత్తురు ఆగకపోతే మాత్రం ఆ బస్సు ఎక్కవలసిందే.