స్త్రీల క్రీడకు వెల కట్టువారెవరు?

ప్రతి సంవత్సరమును మార్చి మాసమున అమెరికా సంయుక్త రాష్ట్రములలోని కళాశాలల నడుమ జరుగు బాస్కెట్‌బాల్ జాతీయ పోటీలు ఆ దేశమునకు పెద్ద పండుగవంటివి. ఎన్.సి.ఏ.ఏ. యను జాతీయ కళాశాలా క్రీడాసంఘము పురుషుల పోటీలను 1939 నుండియు నడుపుచున్నది. స్త్రీల పోటీలను ఆ సంఘమే 1982లోగాని ప్రారంభింపలేదు. ఈ నలుబది మూడేండ్ల యెడమునందును, అటుపిమ్మటను జరిగిన కథ కేవలము బంతియాటకు సంబంధించినది కాదు. ఒకరి శ్రమకు మఱియొకరు వెల కట్టి, ఆ వెలయే దాని సహజమైన విలువ యని లోకమును నమ్మించుట యెట్లు జరుగునో, ఆ నమ్మకము తుద కెట్లు సడలునో యీ కథవలన తెలియుచున్నది. మన తెలుగు బిడ్డలు వేలకొలది ఆ దేశపు విద్యాలయములలో చదువుచున్న యీ కాలమున దీనిని దూరదేశపు వినోదమని త్రోసివేయరాదు.

స్త్రీలకు ఈ యాట క్రొత్తది కాదు. 1891లో స్ప్రింగ్‌ఫీల్డు నగరమున జేమ్స్ నెయిస్మిత్ దీనిని కల్పింపగా, 1893 మార్చి నాటికే స్మిత్ కళాశాలలో సెండా బెరెన్సన్ అను ఉపాధ్యాయిని తన విద్యార్థినులచేత పోటీ యాడించెను. 1896లో స్టాన్‌ఫర్డ్, బర్క్‌లీ విద్యార్థినులు శాన్‌ఫ్రాన్సిస్కోలో తలపడిరి. ఆ పోటీని చూచుటకు పురుషులకు ప్రవేశము లేదు. స్త్రీదేహము సుకుమార మను తలంపున ఆటస్థలమును భాగములుగా విభజించి, ఒకరి భాగమును మఱియొకరు దాటరాదని నియమించిరి. పురుషులవలె అయిదుగురు చొప్పున స్థలమంతటను పరుగిడి యాడు పద్ధతి కళాశాల స్త్రీలకు 1971లోగాని రాలేదు. పరుగెత్తనీయక, పరుగెత్తలేరని తీర్పు చెప్పుట యనగా నిదియే.

ఆ దినములలో స్త్రీల క్రీడలను నడిపినది స్త్రీలే స్థాపించుకొనిన అంతర్కళాశాలా క్రీడాసమాజము. 1972లో ఆ సమాజము నడిపిన తొలి జాతీయ పోటీలలో గెలిచిన ఇమాక్యులాటా కళాశాల క్రైస్తవ సన్యాసినుల యాజమాన్యమున నున్న చిన్న సంస్థ. ప్రయాణపు ఖర్చులు చాలక ఎనిమిదిమంది క్రీడాకారిణులను మాత్రమే వారు పంపగలిగిరి. శిక్షకురాలగు కాథీ రష్‌కు మొదట నిచ్చిన జీతము ఏడాదికి 450 డాలర్లు. అయినను ఆ కళాశాల వరుసగా మూడేండ్లు జయము గాంచెను. లోటు ధనమునందే గాని సామర్థ్యమునందు లేదు.

ఆ సంవత్సరమే జూన్ 23వ తేదీన, ప్రభుత్వ ద్రవ్యసహాయము నందుకొను ఏ విద్యాకార్యక్రమమునందును లింగభేదమును బట్టి యెవరిని వెలివేయరాదను శాసనముపై అధ్యక్షుడు నిక్సన్ సంతకము చేసెను. టైటిల్ నైన్ అని ప్రసిద్ధిగాంచిన శాసన మిదియే. అందు క్రీడ యను మాటయే లేదు. అయినను దాని బలమును మొదట గుర్తించినవారు పురుషుల క్రీడలను నడుపువారు. రాబడి తెచ్చు క్రీడలను ఈ శాసనమునుండి తప్పింపవలెనని 1974లో సెనేటర్ టవర్ ఒక సవరణను తెచ్చెను. అది నిలువలేదు. 1976లో క్రీడాసంఘము న్యాయస్థానమున కెక్కెను. అదియు ఫలింపలేదు.

అడ్డగింపజాలమని తెలిసిన పిమ్మట సంఘము తన మార్గమును మార్చుకొనెను. 1981లో జరిగిన మహాసభలో, పెద్ద కళాశాలల స్త్రీలకును తామే జాతీయ పోటీలు నడుపుదుమని తీర్మానించిరి. ప్రయాణవ్యయము మేమే భరింతుము, స్త్రీల జట్లకు వేఱుగ చందా నక్కరలేదు, టెలివిజనులో ప్రదర్శనము గలదు అని ఆశ చూపిరి. తొమ్మిదివందలకు పైబడిన కళాశాలలు సభ్యులుగా నున్న స్త్రీల సమాజము ఆ ధనబలము నెదుట నిలువజాలకపోయెను. 1982లో రెండు పోటీలును సాగినవి. సంఘము వారి తొలి తుదిపోటీలో లూయిసియానా టెక్ జట్టు, నీగ్రో జాతివారి విద్యకై వెలసిన చేనీ కళాశాల జట్టును 76–62తో గెలిచెను. స్త్రీల సమాజము గుత్తాధిపత్య నిషేధ శాసనము క్రింద వ్యాజ్యము తెచ్చి ఓడిపోయి అంతరించెను.

ఇందు లాభమును గలదు, నష్టమును గలదు. వేదిక పెద్దదయ్యెను, విద్యార్థివేతనములు పెరిగినవి. కాని యధికారము చేయి మారెను. 1972లో కళాశాల స్త్రీల జట్లలో నూటికి తొంబదింటికి పైగా స్త్రీలే శిక్షకులు. 2014 నాటికి ఆ సంఖ్య నూటికి నలుబది మూడు. సమానత్వ మను పేర నింటిలోనికి పిలిచి తాళపుచెవులను మాత్రము తమయొద్దనే యుంచుకొనిరి. ఇరువర్గముల వ్యవహారములును ఒక్క సంఘముచేతిలో బడగా, ఎవరి క్రీడకెంత విలువ యని నిర్ణయించు హక్కును దానికే చెందెను.

ఆ హక్కును వా రెట్లు వినియోగించిరో 2021 మార్చిలో లోకమెల్ల చూచెను. పురుషుల పోటీలు ఇండియానాపొలిస్‌లోను, స్త్రీల పోటీలు శాన్ ఆంటోనియోలోను జరుగుచుండెను. పురుషులకు సర్వోపకరణములతో గూడిన విశాలమైన వ్యాయామశాల. స్త్రీలకు ఒక చిన్న చట్రమున నమర్చిన కొలది డంబెల్సును, కొన్ని చాపలును. ఆరిగన్ విశ్వవిద్యాలయపు క్రీడాకారిణి సెడోనా ప్రిన్స్ దీనిని చిత్రించి లోకమునకు జూపెను. స్థలము చాలలేదని సంఘము వారు మొదట పలికిరి. ఖాళీగా నున్న స్థలమును ఆమె యా చిత్రముననే చూపియుండుటచే ఆ మాట నిలువలేదు.

కలవరము మిక్కుట మగుటతో సంఘము ఒక న్యాయవాదుల సంస్థచేత విచారణ జరిపించెను. ఆ యేటి ఆగస్టులో వెలువడిన నివేదిక డంబెల్సుతో ఆగక మూలమును తడవెను. స్త్రీల బాస్కెట్‌బాల్ ప్రసారపు హక్కులను సంఘము విడిగా నమ్మక, మఱి యిరువది యెనిమిది పోటీలతో గలిపి ఏడాదికి 3 కోట్ల 40 లక్షల డాలర్లకు ఒకే మూటగా నమ్మివేసెను. పురుషుల పోటీలకో, 2010లో పదునాలుగేండ్లకు 1,080 కోట్ల డాలర్ల ఒడంబడిక! స్త్రీల పోటీలను విడిగా నమ్మినచో 2025 నాటికి ఏడాదికి 8 కోట్ల 10 లక్షలనుండి 11 కోట్ల 20 లక్షల డాలర్ల వఱకు రాగలవని నిపుణుడు లెక్కకట్టెను. మార్చి పోటీలకు దేశమంతట వాడుకలోనున్న పేరును సైతము 2022 వఱకు స్త్రీల పోటీలకు వాడనీయలేదు.

చూచువారు లేరు గనుక ధనము పెట్టలేదని సంఘము వాదము. ధనము పెట్టనిదే చూచువారెట్లు వత్తురని విమర్శకుల ప్రశ్న. ఇది బీజాంకుర న్యాయమువలె తేలని సమస్యగా పైకి గనుపించును. మన డెల్టా రైతు దీనిని సులభముగ తేల్చగలడు. కాలువ తూము మూసి, చేను పండలేదని నిందించువాని మాట నతడు నమ్మడు; ఒక పంటకు నీరు విడిచి చూడుమనును.

నీరు విడిచిన పిమ్మట పంట యెట్లుండెనో అంకెలే చెప్పుచున్నవి. 2021లో స్టాన్‌ఫర్డ్, అరిజోనా జట్ల తుదిపోటీని సుమారు 40 లక్షలమంది చూచిరి. 2023లో తుదిపోటీని మొదటిసారి ఏ.బి.సి. యను సర్వజన ప్రసారమున జూపగా ఆ సంఖ్య 99 లక్షల కెక్కెను. 2024లో క్లీవ్‌లాండున సౌత్ కారొలైనా జట్టు ఐయొవాను 87–75తో గెలిచిన పోటీని 1 కోటి 89 లక్షలమంది చూచిరి. ఆ యేటి పురుషుల తుదిపోటీని చూచినవారు 1 కోటి 48 లక్షలు మాత్రమే.

అది యంతయు ఐయొవా క్రీడాకారిణి కెయిట్లిన్ క్లార్క్ మహిమయే యని కొందఱందురు. ఆమె యసాధారణ ప్రజ్ఞావతి యనుటలో సందేహము లేదు. కాని యామె కళాశాలను విడిచిన పిమ్మట, 2025లో కనెక్టికట్ జట్టు సౌత్ కారొలైనాను 82–59తో ఓడించిన తుదిపోటీని 85 లక్షలమంది చూచిరి. 2024తో పోల్చిన నిది తగ్గుదలయే. 2021తో పోల్చిన రెండింతలు. ఒక్కతెతో వచ్చిన వరద తీసినను, నేలలో తేమ నిలిచినది.

సంఘమును కొంత కదలినది. 2024 జనవరిలో కుదిరిన ఎనిమిదేండ్ల ఒడంబడికలో స్త్రీల బాస్కెట్‌బాల్ విలువ ఏడాదికి 6 కోట్ల 50 లక్షల డాలర్లుగా కట్టిరి. ఇది నిపుణుని లెక్కకు లోబడియే యున్నది. అదియు మరల నలుబది పోటీల మూటలోనే. పురుషుల పోటీలలో గెలిచిన జట్ల వర్గములకు 1991 నుండియు ముట్టుచున్న రాబడి వాటాను స్త్రీలకును ఇచ్చుటకు 2025 జనవరిలోగాని యొప్పుకొనలేదు.

ఇక ముందున్న పరీక్ష యింతకంటె గొప్పది. 2025 జూన్ 6వ తేదీన న్యాయమూర్తి క్లాడియా విల్కెన్ యొక రాజీని ఆమోదించెను. దానివలన తొలి సంవత్సరమున ఒక్కొక్క విద్యాలయము క్రీడాకారులకు 2 కోట్ల 5 లక్షల డాలర్ల వఱకు నేరుగా పంచవచ్చును. వెనుకటి బకాయిల క్రింద నీయవలసిన సుమారు 280 కోట్ల డాలర్లలో నూటికి తొంబది పాళ్లు పురుషుల ఫుట్‌బాల్, బాస్కెట్‌బాల్ క్రీడాకారులకే చెందునట్లు లెక్క వేసిరి. ఇది టైటిల్ నైన్‌కు విరుద్ధమని కొందఱు క్రీడాకారిణులు వెంటనే అప్పీలు చేసిరి. రాబడి తెచ్చినవారికే పంపిణీ యను వాదము వినుటకు న్యాయముగానే యుండును. కాని యా రాబడిని తక్కువగా నుంచినదెవరను ప్రశ్నకు బదులు చెప్పకయే ఆ వాదము ముందుకు సాగుచున్నది. నిన్న కట్టిన తక్కువ వెలను ఆధారముగా జేసికొని నేటి వాటాను నిర్ణయించుట నిన్నటి యన్యాయమునకు శాశ్వతపట్టా వ్రాసి యిచ్చుటయే.

కావున అమెరికా స్త్రీలు కోరవలసినది వాటా మాత్రమే కాదు. తమ పోటీలను మూటలో గట్టక విడిగా నమ్ము హక్కును, ఆ బేరము జరుగు బల్లయొద్ద తమ ప్రతినిధులకు పీటయు కోరవలెను. 1982లో వారు పోగొట్టుకొనినది అదియే. శాసనము తలుపు తెఱచినది. ప్రేక్షకులు విలువను రుజువు చేసిరి. తాళపుచెవులు చేతికి రానంతవఱకు వచ్చిన లాభము దాతల యనుగ్రహము పైననే నిలిచియుండును. దయతో నిచ్చినది దయ తప్పిననాడు పోవును. అధికారముతో పొందినది నిలుచును.