జాబితాలో ఎవరి పేరు?

2019 డిసెంబరు మొదటి వారంలో మా జిల్లా కలెక్టరాఫీసు ముందు మహిళా సంఘాలన్నీ కలిసి ధర్నా చేశాం. శంషాబాద్ దగ్గర యువ పశువైద్యురాలిని అత్యాచారం చేసి, చంపి, తగలబెట్టిన వార్తతో రాష్ట్రమంతా రగిలిపోతున్న రోజులవి. కలెక్టరుగారికి ఇచ్చిన మెమొరాండంలో ఏడు డిమాండ్లున్నాయి. ఆరోది నేను రాసింది. లైంగిక నేరాల్లో శిక్షపడిన ప్రతి ఒక్కరి పేరు, ఫోటో, చిరునామా ప్రజలందరికీ కనపడేలా ప్రకటించాలన్నది ఆ డిమాండు. అది చదివినప్పుడే అందరికంటే గట్టిగా చప్పట్లు కొట్టారు.

ఆ డిమాండును నేనిప్పుడు వెనక్కు తీసుకుంటున్నాను. మా సంఘంలోనే చాలామంది నాతో ఏకీభవించడం లేదు. అందుకే నలుగురిలో చెప్పాలనిపించింది.

మేం అడిగింది గాలిలో కలిసిపోలేదు. అదే నెల 13న ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఆమోదించిన దిశ బిల్లులో స్త్రీలపైనా పిల్లలపైనా నేరాలు చేసినవారి రిజిస్టరు పెట్టి, దాన్ని బహిరంగపరచాలని రాశారు. రాష్ట్రపతి ఆమోదం రాకపోవడంతో ఆ బిల్లు అమల్లోకి రాలేదు. కానీ ఆ ఆలోచన పోలేదు. ఎక్కడ ఘోరం జరిగినా, మర్నాడు ఎవరో ఒకరు మళ్ళీ అదే మాట ఎత్తుతున్నారు.

కేంద్ర హోంశాఖ దగ్గర ఇప్పటికే ఒక జాబితా ఉంది. 2018 సెప్టెంబరు 20న ప్రారంభించిన ఈ జాతీయ రిజిస్టరులో అప్పటికే 4 లక్షల 40 వేల నమోదులున్నాయని ప్రభుత్వం ప్రకటించింది. అత్యాచారం, సామూహిక అత్యాచారం, పోక్సో, ఈవ్‌టీజింగ్ కేసుల్లో శిక్షపడినవారి పేర్లు, ఫోటోలు, చిరునామాలు, వేలిముద్రలు అందులో ఉంటాయి. అది పోలీసులు, దర్యాప్తు సంస్థలు చూసుకోవడానికే. దాన్ని అందరి ముందూ పెట్టమనే కదా మేం అడిగింది!

నా ఆలోచన మారడానికి మొదటి కారణం ఒక తల్లి. ఆమె ఊరూ పేరూ చెప్పను. 2018లో పదమూడేళ్ళ కూతుర్ని వెంటబెట్టుకుని మా ఆఫీసుకు వచ్చింది. ఆ పిల్లను పాడుచేసింది ఆమె సొంత తమ్ముడే. కేసు పెడతామంటే కులపెద్దలు కూచోబెట్టి, "ఎవరో పరాయివాడు కాదు గదా, మేనమామే గదా, పిల్లకు వయసు రాగానే ముడిపెట్టేద్దాం" అన్నారు. ఆ మాటకు ఆమె ఒప్పుకోలేదు. పుట్టింటితో తెగతెంపులు చేసుకుని మూడేళ్ళు కోర్టు చుట్టూ తిరిగింది. 2021లో అతనికి పదేళ్ళ శిక్ష పడింది.

తీర్పు రోజున బస్టాండులో టీ తాగుతూ, మా డిమాండు సంగతి ఆమెకు గొప్పగా చెప్పాను. "రేపు చట్టం వస్తే నీ తమ్ముడి ఫోటో, ఊరు, పేరు అందరికీ తెలిసేలా పెడతారమ్మా" అన్నాను. ఆమె చేతిలో గ్లాసు పక్కన పెట్టింది.

"మా తమ్ముడి పేరు రాస్తే నా బిడ్డ పేరు రాసినట్టే గదక్కా. ఆడు ఎవుర్ని చెరిపాడో మా ఊళ్ళో తెలీనోళ్ళు ఎవురున్నారు? ఇప్పుడు మా ఊరికే తెలుసు. అప్పుడు పిల్ల ఏ ఊరెళ్ళి బతుకుద్దనుకున్నా ఆ ఊరికీ తెలుస్తది. ఇట్టా చేస్తారని ముందే చెప్పుంటే నేను కేసే పెట్టకపోదును" అంది.

ఇన్నేళ్ళుగా ఈ పనిలో ఉండి నాకు తట్టని సంగతి ఆమెకు ఒక్క క్షణంలో తట్టింది. బాధితురాలి పేరు బయటపెట్టకూడదని చట్టం చెబుతోంది. పోక్సో చట్టం 23వ సెక్షన్ పిల్లల కుటుంబం, బడి, ఇరుగుపొరుగు వివరాలను కూడా పత్రికల్లో రాయనివ్వదు. నేరస్తుడు తండ్రో, మేనమామో, పెదనాన్న కొడుకో అయినప్పుడు అతని ఇంటిపేరు, చిరునామా ప్రకటించాక దాచడానికి ఇంకేం మిగులుతుంది? ఇవి అరుదైన కేసులు కూడా కావు. జాతీయ నేర నమోదు సంస్థ ఇటీవలి లెక్కలు తీసి చూస్తే, అత్యాచారం కేసుల్లో నూటికి తొంభైకి పైగా నిందితులు బాధితురాలికి తెలిసినవాళ్ళే. మనకేమో జాబితా అనగానే కొత్తగా వీధిలోకి వచ్చిన అపరిచితుడే కళ్ళముందు మెదులుతాడు.

ఈ బహిరంగ జాబితా ఆలోచన మనకు అమెరికా నుంచి వచ్చింది. అక్కడ కాలిఫోర్నియా రాష్ట్రం 1947లోనే రిజిస్టరు పెట్టింది. పెద్దవాళ్ళు ఇష్టపూర్వకంగా చేసుకున్న స్వలింగ సంబంధాలు కూడా అప్పుడు అక్కడ నేరమే. ఆ కేసుల్లో శిక్షపడిన మగవాళ్ళ పేర్లు కూడా అందులో ఎక్కాయి. 1989లో మిన్నెసోటాలో జేకబ్ వెటర్‌లింగ్ అనే పదకొండేళ్ళ పిల్లవాణ్ణి ఎత్తుకుపోయారు. అతని పేరుమీద వచ్చిన 1994 కేంద్ర చట్టం రాష్ట్రాలన్నీ రిజిస్టర్లు పెట్టాలంది. అదే సంవత్సరం న్యూజెర్సీలో మేగన్ అనే ఏడేళ్ళ పాపను ఎదురింటి మనిషి చంపాడు. పిల్లల మీద నేరాలకు అతనికి అంతకుముందు రెండుసార్లు శిక్ష పడింది. ఆ సంగతి తమకు తెలిసుంటే పాపను ఆ గడప తొక్కనిచ్చేవాళ్ళం కాదని తల్లిదండ్రులు అన్నారు. ఆ మాటకు ఎవరు మాత్రం ఏం జవాబు చెప్పగలరు? 1996లో పేర్లు బహిరంగపరచడం దేశమంతటా తప్పనిసరైంది. 2006లో దాన్ని ఇంకా బిగించారు. ఇప్పుడక్కడ ఏడు లక్షలకు పైగా మనుషులు రిజిస్టర్లలో ఉన్నారు. నేరం చేసినవాళ్ళే నిర్ణీత కాలానికోసారి పోలీసుల దగ్గరికి వెళ్ళి చిరునామా, ఉద్యోగం వివరాలు ఇవ్వాలి. ఇవ్వకపోతే అదే మరో నేరం. పద్నాలుగేళ్ళప్పుడు చేసిన తప్పుకు ముప్పై ఏళ్ళ వయసులోనూ జాబితాలో ఉన్నవాళ్ళున్నారు.

దీనివల్ల నేరాలు తగ్గాయా? ప్రెస్కాట్, రాకాఫ్ అనే పరిశోధకులు 2011లో ప్రచురించిన అధ్యయనం ఈ విషయంలో ముఖ్యమైనది. వివరాలు పోలీసుల దగ్గర నమోదై ఉండటం వల్ల ఉపయోగం కనిపించిందని వాళ్ళు తేల్చారు. అవే వివరాలు బహిరంగపరిస్తే కొత్తవాళ్ళు కొంత జంకవచ్చుగానీ, జాబితాలో ఉన్నవాళ్ళు మళ్ళీ నేరం చేయడం పెరిగే అవకాశం ఉందన్నారు. ఇల్లు దొరకక, పని దొరకక, పోగొట్టుకోవడానికి ఏమీ మిగలని మనిషి మంచిదారిలోకి వస్తాడని ఎలా అనుకుంటాం? మయామీ నగరంలో నివాస నిషేధాల పుణ్యమా అని 2007 నుంచి మూడేళ్ళపాటు రిజిస్టరులో ఉన్నవాళ్ళు సముద్రం మీది ఒక వంతెన కింద గుడారాలేసుకుని బతికారు. నిఘా పెట్టామంటున్న మనుషుల్ని తీసుకెళ్ళి వంతెన కింద పడేస్తే పిల్లలకు ఏ భద్రత వచ్చినట్టు?

జేకబ్‌ను చంపినవాడు ఎవరో తెలియడానికి 2016 దాకా పట్టింది. ఆ బిడ్డ తల్లి ప్యాటీ వెటర్‌లింగ్ ఒకప్పుడు ఆ చట్టం కోసం ఊరూరా తిరిగిన మనిషి. చట్టం ఇంత దూరం పోవడం గురించి ఆమే బహిరంగంగా సందేహాలు చెబుతూ వచ్చారు. ఆమె అంతటి మనిషే పునరాలోచించుకోగలిగినప్పుడు ధర్నాలో ఒక డిమాండు రాసిన నేను పునరాలోచించుకోవడానికి నామోషీ దేనికి?

స్త్రీల సంఘాలుగా మనం తప్పక తెలుసుకోవలసింది లూసియానా రాష్ట్రం కథ. మన ఒకప్పటి 377వ సెక్షన్ లాంటి "ప్రకృతి విరుద్ధ నేరం" చట్టం ఒకటి అక్కడ 1805 నుంచీ ఉంది. డబ్బు తీసుకుని అలాంటి పనికి ఒప్పుకోవడాన్ని 1982లో అందులో చేర్చారు. వ్యభిచార చట్టం ఎలాగూ వేరే ఉంది, దానికింద శిక్ష తక్కువ. ఒకే పనికి ఒక స్త్రీ మీద ఏ చట్టం కింద కేసు రాయాలన్నది పోలీసుల, ప్రాసిక్యూటర్ల ఇష్టం. రెండో చట్టం కింద రాస్తే ఆమె లైంగిక నేరస్తురాలిగా పదిహేనేళ్ళు, మళ్ళీ పట్టుబడితే జీవితాంతం రిజిస్టరులో ఉండాలి. న్యూ ఆర్లియన్స్‌లో ఇలా ఎక్కినవాళ్ళలో ఎక్కువమంది పేద నల్లజాతి స్త్రీలు, ట్రాన్స్‌జెండర్ స్త్రీలు. వాళ్ళు ఏ పిల్లవాణ్ణీ ముట్టుకోలేదు, ఎవరినీ బలవంతపెట్టలేదు. అయినా వాళ్ళ డ్రైవింగు లైసెన్సు మీద "సెక్స్ అఫెండర్" అని నారింజరంగు పెద్దక్షరాల్లో ముద్ర వేశారు. నేను ఫలానా నేరస్తురాలినని ఇరుగుపొరుగుకు తమ డబ్బుతోనే కార్డులు పంపుకోవలసి వచ్చింది. ఆ లైసెన్సు చేతబట్టుకుని ఎవరి దగ్గర పని అడగాలి? ఎవరి ఇల్లు అద్దెకు అడగాలి?

దీన్ని బయటపెట్టింది కూడా ఒక స్త్రీల సంఘమే. విమెన్ విత్ ఎ విజన్ అనే నల్లజాతి స్త్రీల సంఘం దగ్గరికి ఎయిడ్స్ నివారణ పని సందర్భంగా వచ్చిన ఆడవాళ్ళు తమ లైసెన్సులు తీసి చూపించడంతో ఈ సంగతి తెలిసింది. సంఘం న్యాయవాదులతో కలిసి కేసు వేయించింది. 2012 మార్చిలో ఫెడరల్ కోర్టు, ఒకే పనికి ఇద్దరికి రెండు రకాల శిక్ష రాజ్యాంగానికి విరుద్ధమంది. ఆ మే నెలలోనే సంఘం ఆఫీసును ఎవరో తగలబెట్టారు. వాళ్ళు ఆగలేదు. 2013లో కుదిరిన ఒప్పందంతో దాదాపు 700 మంది పేర్లు జాబితా నుంచి తీసేశారు.

స్త్రీలనూ పిల్లలనూ కాపాడటానికని పెట్టిన జాబితాలో చివరికి ఎక్కింది ఎవరి పేర్లో చూశారు గదా. అది అమెరికా, మన దగ్గర అలా జరగదని అనుకుందామా? 1919లో హైదరాబాద్ సంస్థానంలో హిజ్రాల మీద ఒక చట్టం తెచ్చారు. పిల్లల్ని ఎత్తుకుపోతారని, అసహజ నేరాలు చేస్తారని అనుమానం ఉన్నవాళ్ళ పేర్లు, నివాసాలు రిజిస్టరులో రాసుకోమన్నారు. ఆడబట్ట కట్టుకుని వీధిలో కనబడినా, పాట పాడినా వారంటు లేకుండా పట్టుకోవచ్చన్నారు. అనుమానం చాలు, రుజువు అక్కర్లేదు. 2023 జులైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసేదాకా ఆ చట్టం పుస్తకాల్లో ఉంది. 1871 నాటి క్రిమినల్ ట్రైబ్స్ చట్టం కింద పుట్టిన కులాన్నిబట్టే మనుషుల్ని రిజిస్టరులో ఎక్కించారు. 1952లో అది పోయినా స్టువర్టుపురం పేరు చెబితే జనం ఇప్పటికీ ఏమనుకుంటారో మనకు తెలుసు. రౌడీషీటు ఎవరి మీద తెరుస్తారో, ఎవరి మీద తెరవరో కూడా మనకు తెలుసు.

1978లో నల్లకుంట పోలీసు స్టేషన్లో రమీజాబీ మీద అత్యాచారం చేసి, ఆమె భర్తను కొట్టి చంపిన పోలీసులు విచారణ కమిషన్ ముందు చెప్పుకున్నదేమిటి? ఆమె వ్యభిచారి అని. ముక్తదర్ కమిషన్ పోలీసుల్ని తప్పుపట్టింది. అయినా 1981లో రాయచూరు కోర్టులో వాళ్ళు నిర్దోషులుగా బయటికొచ్చారు. అంటే ఈనాటి జాతీయ రిజిస్టరు అప్పుడుండి ఉన్నా వాళ్ళ పేర్లు అందులో ఉండేవి కావు. వీధిలో నిలబడి విటుణ్ణి పిలిచినందుకు ఇమ్మోరల్ ట్రాఫిక్ చట్టం 8వ సెక్షన్ కింద శిక్షపడే ఆడవాళ్ళ పేర్లు మాత్రం రేపు ఏదో ఒక సవరణతో ఎక్కవని ఎవరు హామీ ఇస్తారు?

నన్ను విమర్శించే స్నేహితులు ఒక మాట అడుగుతున్నారు. "నీకు నేరస్తుడి మీద జాలి ఎక్కువైందా?" అని. కాలేదు. పోలీసుల దగ్గర రిజిస్టరు ఉండాలనే నేనంటాను. కోర్టు శిక్ష వేసినవారి పేర్లే అందులో ఉండాలి. అనుమానితులవి, నిందితులవి ఉండకూడదు. మైనర్లను వేరుగా చూడాలి. తప్పు నమోదైతే తీయించుకునే దారి ఉండాలి. బడుల్లో, సంక్షేమ హాస్టళ్ళలో, పిల్లల ఆశ్రమాల్లో ఎవర్ని ఉద్యోగంలోకి తీసుకున్నా ముందు ఆ రిజిస్టరుతో సరిచూడటం తప్పనిసరి చేయాలి. మేగన్ తల్లిదండ్రుల ప్రశ్నకు ఇది పూర్తి జవాబు కాదని నాకు తెలుసు. కానీ పిల్లలు రోజూ ఉండే చోట్ల మేలు చేస్తుంది, ఎవరి బిడ్డనూ వీధికెక్కించదు.

ఇంకో సంగతి. కోర్టుదాకా వచ్చిన అత్యాచారం కేసుల్లో తీర్పు వెలువడినవాటిలో శిక్షపడుతున్నవి మూడో వంతు కూడా లేవు. మిగతావన్నీ జాబితాకు అందవు. సాక్షులు ఎదురుతిరగడం, రాజీకి వత్తిడి, ఏళ్ళ తరబడి వాయిదాలు ఇవి అలాగే ఉండగా రిజిస్టరు ఎంత పెద్దదైతే ఏం లాభం? పోక్సో నిబంధనలు 2020 ప్రకారం బిడ్డకు తోడుగా ఒక సహాయకురాలిని పెట్టవచ్చు. మనం పనిచేసే మండలాల్లో ఎంతమంది పిల్లలకు ఆ తోడు దొరికిందో మన సంఘాలే లెక్కతీసి అడగాలి. ప్రభుత్వానికి జాబితా ప్రకటించడం తేలిక. ఒక బిడ్డ వెంట మూడేళ్ళు నడవడమే కష్టం.

మొన్న ఆ తల్లి ఫోను చేసింది. అమ్మాయి నర్సింగు చదువుతోందట. తర్వాత ఆమె అడిగింది: "ఆడు ఎప్పుడు బయటికొస్తాడో మాకెవరన్నా ముందుగా చెప్తారా అక్కా?" ఊరందరికీ తెలియాలని మేం ఆరో డిమాండు రాశాంగానీ, అందరికంటే ముందు తెలియవలసింది ఎవరికో రాయలేదు. శిక్ష ముగిసో, పెరోలు మీదో, బెయిలు మీదో అతను బయటికొచ్చేముందు బాధితురాలికి కబురు చెప్పడం జైలు అధికారుల బాధ్యత కావాలి, ఆమె కోరితే రక్షణ కూడా ఇవ్వాలి. ఈసారి మెమొరాండంలో ఆరో నంబరు దగ్గర నేను రాయదలచుకున్నది ఇదే. మీ సంఘాల్లో చర్చించండి. ఒప్పుకోకపోతే ఎందుకు ఒప్పుకోరో రాయండి.