ఒకే కంప్యూటరు – ఎవరి గది వారిదే!

పిల్లలూ! మీ బడిలో కంప్యూటరు గది ఉందా? ఉంటే, తెర ముందు కూర్చోగానే ఏ పేరుతో లోపలికి వెళుతున్నారు? మీ సొంత పేరుతోనా, లేక అందరికీ కలిపి పెట్టిన ‘స్టూడెంట్’ అనే పేరుతోనా? చాలా చిన్న ప్రశ్నలాగే కనిపిస్తుంది. కాని దీన్ని పట్టించుకోకపోవడం వల్లే నేను ఒకసారి, ఏ తప్పూ చెయ్యని పిల్లవాణ్ణి నలుగురిలో మందలించాను.

నేను పనిచేసిన ఒక బడిలో జరిగిన సంగతి ఇది. ఒక తొమ్మిదో తరగతి అమ్మాయి సైన్సు ప్రదర్శన కోసం మూడు వారాలపాటు దుర్గం చెరువు నీటి ఉష్ణోగ్రతను రోజూ కొలిచింది. ఆ పట్టికను కంప్యూటరులో ‘ప్రాజెక్టు’ అనే పేరుతో దాచుకుంది. ప్రదర్శనకు రెండు రోజుల ముందు తెరిచి చూస్తే చెరువు లేదు, ఉష్ణోగ్రతలు లేవు. అయస్కాంతాల గురించి నాలుగు పేరాలున్నాయి! అవి పక్క తెర మీద పనిచేసే అబ్బాయివి. “వాడే చెరిపేశాడు సార్” అని ఆ అమ్మాయి ఏడ్చింది. “నేను ముట్టుకోలేదు సార్” అని అతను మొత్తుకున్నాడు. నేను అతన్నే కేకలేశాను.

తర్వాత తీరిగ్గా చూస్తే అసలు సంగతి తెలిసింది. ఇద్దరూ ఒకే ‘స్టూడెంట్’ లాగిన్‌తో, ఒకే డైరెక్టరీలో పనిచేస్తున్నారు. ఇద్దరూ ఫైలుకు ఒకే పేరు పెట్టారు. “ఈ పేరుతో ఫైలు ఉంది, దాని స్థానంలో దీన్ని ఉంచమంటారా?” అని కంప్యూటరు అడిగితే, అది తను నిన్న దాచిన పాత ప్రతే అనుకుని ఆ అబ్బాయి సరేనన్నాడు. అంతే! తప్పు వాడిది కాదు. ఇద్దర్నీ ఒకే గదిలోకి తోసిన మా పెద్దలది.

పెద్దవాళ్ళకూ తప్పలేదు

ఇలాంటి పొరపాటు పేరుపొందిన శాస్త్రవేత్తల ప్రయోగశాలలో కూడా జరిగింది. ఒకే కంప్యూటరును అనేకమంది ఒకేసారి వాడుకునే ఏర్పాటును ‘కాలపంపకం’ అనవచ్చు. కంప్యూటరు ఒక్కొక్కరి పనికీ క్షణంలో చిన్న భాగాన్ని కేటాయిస్తూ తిరుగుతుంది కాబట్టి, ఎవరికి వారికి యంత్రమంతా తమదే అనిపిస్తుంది. అమెరికాలోని ఎం.ఐ.టి.లో ఫెర్నాండో కార్బతో బృందం సి.టి.ఎస్.ఎస్. అనే ఇలాంటి వ్యవస్థను తయారుచేసి, 1961 నవంబరులో మొదటిసారి ప్రదర్శించింది. అందులో ప్రతి వాడకందారుకూ సొంత డైరెక్టరీ, సంకేతపదం ఉండేవి.

ఫైళ్ళను దిద్దే ప్రోగ్రాము పని జరుగుతున్నంతసేపూ ఒక తాత్కాలిక ఫైలు రాసుకునేది. దాని పేరు ఎప్పుడూ ఒక్కటే. ఒక డైరెక్టరీలో ఒకరే పనిచేస్తారు కదా, ఇబ్బందేముంది అనుకున్నారు. కాని కొంతకాలానికి, వ్యవస్థను చూసుకునే ఉద్యోగులు సౌకర్యం కోసం ఒకే డైరెక్టరీలో పలువురు పనిచేసుకునే వీలు కల్పించుకున్నారు. ఒకనాడు వారిలో ఒకరు వాడకందారులకు చూపే రోజువారీ ప్రకటనను దిద్దుతున్నారు. అదే సమయంలో ఇంకొకరు సంకేతపదాల ఫైలును దిద్దుతున్నారు. తాత్కాలిక ఫైళ్ళు తారుమారయ్యాయి. ఆ తర్వాత లాగిన్ అయినవారందరికీ ప్రకటనకు బదులు అందరి సంకేతపదాలూ అచ్చయి వచ్చాయి! 1990 సంవత్సరపు ట్యూరింగ్ బహుమతి అందుకున్న సందర్భంలో చేసిన ఉపన్యాసంలో కార్బతో స్వయంగా ఈ సంగతి చెప్పాడు.

ఎం.ఐ.టి.లో జరిగినదానికీ, మా బడిలో జరిగినదానికీ తేడా ఏముంది? ఒకే గది, ఒకే పేరు, ఇద్దరు మనుషులు.

గోడలు ఎలా కడతారు?

1969లో బెల్ ప్రయోగశాలల్లో కెన్ థాంప్సన్, డెనిస్ రిచీ మొదలుపెట్టిన యునిక్స్, దాని బాటలో వచ్చిన లినక్స్ ఈ పనిని చక్కగా చేస్తాయి. ప్రతి వాడకందారుకూ ఒక సంఖ్య, ఒక ‘ఇంటి డైరెక్టరీ’ ఉంటాయి. ప్రతి ఫైలుకూ తొమ్మిది గుర్తులుంటాయి. యజమాని, అతని జట్టు, ఇతరులు – ఈ మూడు వర్గాలవారిలో ఎవరు చదవవచ్చు, ఎవరు రాయవచ్చు, ఎవరు నడపవచ్చు అని అవి చెబుతాయి. మూడు మూళ్ళు తొమ్మిది! మీరు ఫైలు తెరవబోయిన ప్రతిసారీ కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌లోని ప్రధాన భాగం, ఈ గుర్తులను చూసి అనుమతిస్తుంది లేదా వద్దంటుంది.

అయితే గది ఉంటే చాలదు, తలుపు కూడా మూసి ఉండాలి. ఉబుంటు అనే లినక్స్‌లో 2021 ఏప్రిల్‌లో వచ్చిన 21.04 కూర్పు నుంచి మాత్రమే, కొత్త వాడకందారుల ఇంటి డైరెక్టరీలు ఇతరులకు మూసి ఉంటున్నాయి. అంతకుముందు తలుపు దగ్గరగా వేసి ఉండేదే గాని గడియ ఉండేది కాదు.

ఇంకొక చిక్కుంది. ప్రోగ్రాములు తాత్కాలిక ఫైళ్ళు పెట్టుకునే ‘టెంప్’ డైరెక్టరీ అందరిదీ. అక్కడ ఒకరి ఫైలును మరొకరు తుడిచెయ్యకుండా కట్టడి ఉంది. కాని పేర్లు అందరికీ కనిపిస్తాయి. ముందే ఊహించగల పేరైతే, గిట్టనివాడు అదే పేరుతో తన ఫైలును ముందుగా పెట్టి కూర్చోవచ్చు. దీనికి మందేమిటి? లాగిన్ అయిన ప్రతి ఒక్కరికీ వేరే ‘టెంప్’ చూపించడం! 2002 నుంచి లినక్స్ కెర్నెల్‌లో ఇందుకు వీలుంది. అదెలాగంటే, ఒక అపార్టుమెంటులో ఇరవై కుటుంబాలున్నాయనుకోండి. “వంటింట్లోంచి ఉప్పు పట్రా” అని ప్రతి ఇంట్లోనూ అంటారు. మాట ఒక్కటే. కాని ఎవరి పిల్లలు వారి వంటింట్లోకే వెళతారు. అలాగే ఇక్కడ పేరు ఒకటే, చోటు వేరు.

మన బడుల సంగతి

2008లో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఐదు వేల ఉన్నత పాఠశాలలకు కంప్యూటరు విద్యా పథకం వచ్చింది. ఒక కంప్యూటరు శక్తిని చిన్న పెట్టెల ద్వారా అనేక తెరలకు పంచే పద్ధతిని అందులో వాడారు. ఖర్చు తగ్గించే మంచి ఉపాయమే. కాని ఒకే యంత్రంలో పదిమంది కూర్చున్నప్పుడే కదా గోడల అవసరం ఎక్కువ!

మా రాయదుర్గం సంగతి చూడండి. 1998లో పక్కనే మాదాపూర్‌లో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. 2019 నవంబరులో మెట్రో రైలు రాయదుర్గం దాకా వచ్చింది. ఇక్కడి అద్దాల భవనాల్లో ఉద్యోగంలో చేరినవారికి ముందుగా చేసే పని వారి పేరున ఒక లాగిన్ ఇవ్వడం. ఆ భవనాల్లో కాపలా కాసేవారి పిల్లలు, వంట చేసేవారి పిల్లలు మన బడులకు వస్తారు. వారికి మాత్రం ‘స్టూడెంట్’ చాలునా?

“అరవై మంది సంకేతపదాలు ఎవరు చూసుకుంటారు?” అని తోటి ఉపాధ్యాయులు అడుగుతారు. లాగిన్లు సృష్టించడం ఒక పూట పని. మరిచిపోతే కొత్తది ఇవ్వడం నిమిషం పని. “పిల్లలు కలిసి పనిచెయ్యడం నేర్చుకోవద్దా?” అని మరికొందరంటారు. తప్పక నేర్చుకోవాలి. అందుకు వేరే ఉమ్మడి డైరెక్టరీ పెట్టుకోవచ్చు. అక్కడ ఏం పెట్టాలో ఎవరికి వారు నిర్ణయించుకుంటారు. ఇష్టపడి ఇస్తేనే అది పంచుకోవడం. “పిల్లలకు దాచుకునేవి ఏముంటాయి?” అన్నవారికి నా జవాబు ఒకటే: మూడు వారాల చెరువు కొలతలు ఉంటాయి.

ఒక మాట దాచకూడదు. వ్యవస్థను నడిపే నిర్వాహకుడు ఈ గోడలన్నిటినీ దాటగలడు. తాళాల గుత్తి అతని చేతిలో ఉంటుంది. బడిలో ఆ గుత్తి మా ఉపాధ్యాయుల దగ్గర ఉంటుంది కాబట్టి, అవసరం లేనిదే మీ గదుల్లోకి తొంగిచూడకపోవడం మా బాధ్యత.

గోడ కట్టడమంటే పక్కవాణ్ణి అనుమానించడమని కొందరు పొరబడతారు. ఆనాడు ఆ గోడే ఉంటే, అమ్మాయి పట్టిక మిగిలేది, అబ్బాయి మీద నింద పడేదీ కాదు. నేను మర్నాడు తరగతిలో అందరి ముందూ అతనికి క్షమాపణ చెప్పుకున్నాను. పట్టిక మాత్రం తిరిగి రాలేదు.

ఈసారి కంప్యూటరు గదికి వెళ్ళినప్పుడు మీరు ఏ పేరుతో లోపలికి వెళుతున్నారో చూడండి. అది మీ పేరు కాకపోతే, “సార్, మాకు ఎవరి లాగిన్ వారికి ఇప్పించండి” అని మీ మాష్టారిని అడగండి. ఎందుకని ఆయన అడిగితే ఈ వ్యాసం చూపించండి.